సేవ చేయగోరే చేతులకు దారి చూపుదాం

(కర్నూలు పట్టణంలోని ఒక షాదీఖానాలో తల్లిదండ్రులు, విద్యార్థులు పాల్గొన్న యువజన సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ సభలో మాట్లాడవలసిందిగా నిర్వాహకులు కోరినప్పుడు మేము మొదట వెనుకాడినాము. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవారికి నోట్ ఫైలు రాయడం తెలుసును గాని, ప్రసంగించడం అలవాటు లేదు. అయినను అంగీకరించినాము. ఎందుకంటే ఈ పట్టణపు యువకులకు మేము ఒక పాత బాకీ ఉన్నాము. ఆ బాకీ సంగతి ముందుగా విన్నవించుకుంటాము.

2009 అక్టోబరు 2వ తేదీ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారిగా పొంగి కర్నూలులోకి వచ్చినవి. మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నవారు ఈ సభలోనే ఉన్నారు. నీరు తీసిన తరువాత వీధుల్లో మిగిలిన బురద, ఇళ్లలో నానిపోయిన బియ్యం, గుర్తుపట్టలేని దస్తావేజులు మనమెవరమూ మరువలేము. ఆ రోజుల్లో మేము పనిచేసే కార్యాలయం గేటు వద్దకు కుర్రవాళ్లు గుంపులుగా వచ్చేవారు. వారిలో మనవాళ్లున్నారు, ఇతరులున్నారు. అందరిదీ ఒకటే మాట: "సార్, మేము ఏం చేయాలో చెప్పండి."

మా వద్ద జవాబు లేదు. పైనుంచి ఉత్తర్వు లేదు. కాని వచ్చినవారిని ఊరికే పంపరాదని ఒక తెల్లకాగితం తీసి పేరు, వీధి, ఫోను నంబరు రాసుకున్నాము. "అవసరమైనప్పుడు కబురు పెడతాము" అని చెప్పినాము. రెండు పుటలు నిండినవి. ఆ కాగితాన్ని ఒక ఫైలులో పెట్టినాము. కబురు మాత్రం పెట్టలేదు.

2019లో పదవీ విరమణ సమయంలో చార్జి అప్పగిస్తూ బీరువాలోని పాత ఫైళ్లు తిరగవేస్తుంటే ఆ రెండు పుటలు బయటపడినవి. సిరా కొంత వెలిసిపోయినది గాని పేర్లు తెలుస్తూనే ఉన్నవి. ఆ నెలలోనే కొందరిని వెతుక్కుంటూ వెళ్లినాము. ఒకతను ఇప్పుడు మెకానిక్ షెడ్డు నడుపుకొంటున్నాడు. అతడు నవ్వి, "చాచా, మీరు పిలుస్తారని రెండు రోజులు చూసినాము. తరువాత మా వీధిలోనే బురద ఎత్తుకున్నాము. ఆ తరువాత మాత్రం ఎప్పుడూ ఏ ఆఫీసుకూ అడగడానికి పోలేదు" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. అందుకే ఆ మాట మమ్మల్ని విడిచిపెట్టలేదు.

సేవ చేయాలని వచ్చిన కుర్రవానికి దారి చూపకపోతే ఆనాటి పని ఒక్కటే ఆగిపోదు. అతడు మళ్లీ అడగడం మానివేస్తాడు. ఈ రోజు మేము చెప్పదలచిన విషయమంతా ఇదే. మన పిల్లలలో సేవాభావం లేదన్న మాట నిజం కాదు. ఆ భావానికి, పనికి మధ్య ఉండవలసిన వంతెనను పెద్దలమైన మనమే కట్టలేదు.

ఆ రోజుల్లో వంతెన కార్యాలయపు నోటీసు బోర్డు. అది కూడా బీరువా చాటున ఉండేది. తెలిసినవారికి కనిపించేది, తెలియనివారికి లేదు. ఇప్పుడు ఆ బోర్డు ప్రతి పిల్లవాని చేతిలోని ఫోనులోకి వచ్చినది. కాని ఎక్కడ చూడాలో తెలియనంత కాలం అది కూడా బీరువా చాటున ఉన్నట్టే.

నిజానికి మన పిల్లలు ఈ పని ఇదివరకే చేసినారు. 2021 ఏప్రిల్ చివరలో పద్దెనిమిదేళ్లు దాటినవారందరికీ కోవిడ్ టీకా కోసం కోవిన్‌లో నమోదు మొదలైనప్పుడు, మా వీధిలో హమాలీలకు, బీడీలు చుట్టే తల్లులకు, తోపుడు బండ్లవారికి పేరు నమోదు చేసి, తేదీ దొరికే వరకు అర్ధరాత్రులు మేలుకొన్నది ఇంటరు, డిగ్రీ చదివే పిల్లలే. దానికి ఎవరూ వలంటీరు పని అని పేరు పెట్టలేదు. ధ్రువపత్రం ఇవ్వలేదు. ఖిద్మతె ఖల్క్ మన ఇళ్లలో పాత మాటే. దానికి కొత్త ద్వారాలు ఎక్కడెక్కడ ఉన్నవో ఇప్పుడు చెప్పుకుందాము.

మొదటిది, కళాశాలలోనే ఉన్న ద్వారం. జాతీయ సేవా పథకం, అనగా ఎన్ఎస్ఎస్, గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో మొదలైనది. సంవత్సరానికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఇందులో భాగం. కళాశాలలో చేరిన మొదటి నెలలోనే ప్రోగ్రాం ఆఫీసరు ఎవరో కనుక్కొని పేరు ఇవ్వండి. "మనల్ని తీసుకుంటారా" అని ఇంట్లో కూర్చుని అనుమానించవద్దు. అడిగి చూడండి.

రెండవది, కేంద్ర ప్రభుత్వపు మై భారత్ వేదిక. మేరా యువ భారత్ అన్నదానికి ఇది పొట్టి పేరు. 2023 అక్టోబరు 31న ప్రారంభమైనది. 15 నుంచి 29 ఏళ్ల వయసువారికి ఉద్దేశించినది. నమోదుకు రుసుము లేదు. మొబైలు నంబరుతో చేరి, తన జిల్లాను, ఆసక్తిని తెలిపితే అందుబాటులో ఉన్న కార్యక్రమాలు చూసుకోవచ్చు. అక్కడ పేరు నమోదు చేసుకొని ఊరుకుంటే ఫలితం లేదు. వారానికి ఒకసారి తెరిచి చూడాలి.

మూడవది, ఐక్యరాజ్య సమితి వలంటీర్ల విభాగం నడిపే ఆన్‌లైన్ సేవ. 2000 నుంచి నడుస్తున్నది. పద్దెనిమిదేళ్లు నిండినవారు ఇంటినుంచే పాల్గొనవచ్చు. సంస్థలు తమకు కావలసిన పనిని ప్రకటిస్తాయి. అనువాదం, బొమ్మలు గీయడం, రాతపని, సమాచారం సేకరించి పట్టికలు వేయడం వంటివి ఎక్కువ. ఆసక్తి ఉన్నవారు దరఖాస్తు పెడితే వారు ఎంపిక చేసుకుంటారు. దీనికి ఇంగ్లీషు కొంత బాగా రావాలి. మొదటి దరఖాస్తుకే పిలుపు వస్తుందనుకోవద్దు. మేము ఉద్యోగం కోసం ఎన్ని దరఖాస్తులు పెట్టినామో తలచుకుంటే ఇది పెద్ద కష్టమేమీ కాదు.

నాలుగవది, మన పిల్లలకు ప్రత్యేకంగా అనువైనది. రాయలసీమ ముస్లిం పిల్లవాడు ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, బడిలో తెలుగు చదువుతాడు, మద్రసాలోనో తాతగారి వద్దనో ఉర్దూ అక్షరాలు నేర్చుకుంటాడు. దీనిని మనం ఇంతకాలం లోపంగానే చూసినాము. "తెలుగులో ఉర్దూ యాస వస్తున్నది" అని పంతులుగారు, "ఉర్దూలో తెలుగు కలుస్తున్నది" అని పెద్దలు, ఇద్దరూ మందలించేవారే. కాని రెండు మూడు భాషల మధ్య ఇంత సులభంగా తిరిగే పిల్లలు ఎంతమంది దొరుకుతారు? ఇది లోపం కాదు, పెట్టుబడి.

ఆ పెట్టుబడికి పని ఉన్నది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో పిల్లల కథలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, తమ భాషలోకి అనువదించవచ్చు. తెలుగు, ఉర్దూ రెండూ ఉన్నవి. కేంద్ర ప్రభుత్వపు భాషిణి కార్యక్రమంలో భాషాదాన్ అనే భాగం ఉన్నది. అక్కడ ఒక వాక్యం చదివి వినిపించడం, విన్నదానిని రాయడం, ఒక భాషనుంచి మరో భాషలోకి మార్చడం వంటి చిన్న పనులతో మన భాషలకు యంత్రాల లోకంలో చోటు కల్పించవచ్చు. రోజుకు పది నిమిషాలు చాలును.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరైనా వ్యాసం రాయవచ్చు, ఉన్నదానిని సరిదిద్దవచ్చు. సొంత అభిప్రాయానికి అక్కడ తావు లేదు. అచ్చయిన ఆధారం చూపి రాయాలి. గుమాస్తాగిరీ చేసిన మాకు ఆ నియమం చాలా నచ్చినది. మన ఊరిలో హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధి ఉన్నది. గోల్ గుమ్మజ్ అంటాము. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ గారు స్థాపించిన ఉస్మానియా కళాశాల ఉన్నది. వీటి గురించి తెలుగులో, ఉర్దూలో సరైన వివరాలు, మంచి ఛాయాచిత్రాలు చేర్చడం మన పిల్లలు చేయదగిన పని. మన చరిత్రను ఇతరులు తప్పుగా రాసినారని బాధపడడానికి ముందు, మనం సరిగా రాసినదెంత అని ప్రశ్నించుకోవాలి.

ఇంకా ఉన్నవి. అంధులకు వీడియో కాల్‌లో చూపు అరువిచ్చే బీ మై ఐస్ అనే యాప్ ఉన్నది. మందుసీసా మీద గడువు తేదీ ఏమని ఉన్నదో చదివి చెప్పడం వంటి పని రెండు నిమిషాల్లో పూర్తవుతుంది. పరీక్ష రాయడానికి సహాయకుడు కావాలని చూపులేని విద్యార్థులు వాట్సాప్ బృందాలలో అడుగుతూ ఉంటారు. ఏ రక్తనిధిలో ఏ రక్తం నిల్వ ఉన్నదో ప్రభుత్వపు ఇ-రక్తకోశ్‌లో చూడవచ్చు. ఆసుపత్రి వరండాలో దిక్కుతోచక నిలబడిన పల్లెటూరి మనిషికి ఆ సమాచారం చూసిపెట్టడం కూడా సేవయే. పద్దెనిమిది నిండి, 45 కిలోల బరువు ఉండి, ఆరోగ్యంగా ఉంటే స్వయంగా రక్తం కూడా ఇవ్వవచ్చు.

ఇక హెచ్చరికలు. ఇవి చెప్పకుండా దారి చూపడం నేరమవుతుంది.

మా వీధిలో డిగ్రీ రెండవ సంవత్సరం చదివే ఒక అమ్మాయికి ఫోనులో ఒక ప్రకటన వచ్చినది. పేద పిల్లలకు ఇంటినుంచే పాఠాలు చెప్పవచ్చు, అంతర్జాతీయ ధ్రువపత్రం ఇస్తాము, నమోదుకు ఏడు వందల రూపాయలు అన్నారు. ఆ బిడ్డ పండుగకు వచ్చిన ఈదీ డబ్బులు దాచుకున్నది. అవి కట్టినది. వారం తరువాత శిక్షణ రుసుమని మళ్లీ అడిగినారు. లేవనగానే అవతల మాట ఆగిపోయినది. నెలల తరబడి ఎవరికీ చెప్పుకోలేదు. చివరకు తండ్రికి తెలిసి ఫోను తీసి పెట్టెలో పెట్టినాడు.

ఆ బిడ్డ ఏడు వందలు పోగొట్టుకున్నది, ఫోనూ పోగొట్టుకున్నది. సేవ చేయాలన్న కోరికే తప్పన్నట్టు తలవంచుకొని తిరిగినది. మేము వెళ్లి ఆ తండ్రితో మాట్లాడినాము. ఆయన ఒకటే అడిగినారు: "మళ్లీ ఇట్లా జరిగితే మీరు బాధ్యత తీసుకుంటారా, సాబ్?" కొంతసేపు ఆలోచించి, తీసుకుంటామని చెప్పినాము. ఇప్పుడు ఆ అమ్మాయి మగ్రిబ్ తరువాత తల్లి పక్కన కూర్చుని పిల్లల కథలు తెలుగు చేస్తున్నది. పూర్తయిన కథను ముందుగా తమ్మునికి చదివి వినిపిస్తుంది. వాడు నవ్వని చోట మళ్లీ రాస్తుంది.

కనుక ఈ అయిదు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, సేవ చేయడానికి డబ్బు అడిగితే అక్కడే ఆగిపోండి. రెండు, ప్రభుత్వ వేదికలో చేరేటప్పుడు వచ్చే ఓటీపీని మీరే అక్కడ నమోదు చేస్తారు. దానిని ఫోనులో మరొకరికి చెప్పవలసిన అవసరం ఎన్నడూ ఉండదు. మూడు, స్వచ్ఛంద సంస్థ పేరు నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్‌లో ఉన్నదేమో చూడండి. ఉన్నంత మాత్రాన సంస్థ మంచిదని హామీ లేదు. చిరునామా, చేసిన పనులు కూడా విచారించండి. నాలుగు, సొంత ఖాతాలోకి చందాలు వసూలు చేయమనేవారి జోలికి పోవద్దు. అయిదు, మోసపోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత ప్రయోజనం.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆడపిల్లల విషయంలో మీ భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. మేమూ ఆడపిల్లల తండ్రులమే. కాని భయానికి మందు ఫోను లాక్కోవడం కాదు, పక్కన కూర్చోవడం. ఏ పని, ఎవరికి, ఎంతసేపు అని అడగండి. ముఖం, గొంతు, ఫోను నంబరు బయట పెట్టనవసరం లేని పనులు ఎన్నో ఉన్నవి. అనువాదం అటువంటిది, అచ్చుతప్పులు దిద్దడం అటువంటిది. అక్కడినుంచి మొదలుపెట్టనివ్వండి. పద్దెనిమిది నిండని పిల్లలైతే మగపిల్లలకైనా, ఆడపిల్లలకైనా పెద్దల అనుమతి లేకుండా ఏ బృందంలోనూ చేరనివ్వవద్దు.

ఇక చేదు విషయం ఒకటి. ఒక కుర్రవాడు మా వద్దకు వచ్చి, "చాచా, మూడు చోట్ల రాసినాను. రెండు చోట్ల జవాబు లేదు. నా పేరు చూసే ఊరుకున్నారా?" అని అడిగినాడు. కాదని మేము అబద్ధం చెప్పలేదు. అవునని కూడా చెప్పలేదు. కొన్నిచోట్ల అది నిజం కావచ్చును. మరికొన్నిచోట్ల అవతల కూర్చున్నది మావంటి గుమాస్తాయే కావచ్చును. కాగితం ఫైలులో పెట్టి మరచిపోయి ఉండవచ్చును. అందుకని పది రోజుల తరువాత మర్యాదగా మళ్లీ రాయమన్నాము. రాసినవన్నీ భద్రపరచమన్నాము. వివక్ష స్పష్టంగా కనిపిస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు చేద్దాము, ఆధారాలతో చేద్దాము. ప్రభుత్వం నడిపే వేదికలో మతాన్ని బట్టి వివక్ష చూపరాదని రాజ్యాంగపు 15వ అధికరణమే చెబుతున్నది. పేరు మాత్రం దాచుకోవద్దు. ఆ పిల్లవానికి రెండవ ఉత్తరానికి ఒకచోటినుంచి జవాబు వచ్చినది. మరొకచోటినుంచి నేటికీ రాలేదు.

ఈ విషయం హక్కుల గురించి మాట్లాడే మన వేదికలకు ఎందుకు ముఖ్యమో చెప్పి ముగిస్తాము. మన గురించి వచ్చే నివేదికలలో, 2006 నాటి సచార్ కమిటీతో సహా, మనం వెనుకబడినవారిగా, సహాయం అందవలసినవారిగా కనిపిస్తాము. అది వాస్తవం. ఆ సహాయం మన హక్కు, దానికోసం పోరాడవలసినదే. కాని ఎప్పుడూ పుచ్చుకునే వరుసలోనే నిలబడే సమాజాన్ని ఇతరులు ఒక చూపుతో చూస్తారు. క్రమంగా మన పిల్లలూ తమను తాము అదే చూపుతో చూసుకుంటారు. ఇచ్చే వరుసలో నిలబడడం కూడా పౌరుని హక్కే. వరదలో బురద ఎత్తడానికి వచ్చిన ఆ కుర్రవాళ్లు అడిగినది ఆ హక్కునే. మేము దానిని ఫైలులో పెట్టినాము.

అందుచేత ఈ షాదీఖానాలో ప్రతి ఆదివారం జొహర్ తరువాత రెండు గంటలపాటు ఒక బల్ల వేసుకొని కూర్చోవాలని మేము, మరి నలుగురు పదవీ విరమణ చేసినవారము నిశ్చయించుకున్నాము. మాకు ఫోనుల గురించి అంతగా తెలియదు. ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థులు తోడుంటామన్నారు. వారు వెతుకుతారు, మేము విచారిస్తాము. అది నిజమైన సంస్థేనా, డబ్బు అడుగుతున్నదా, ఇంట్లో ఒప్పుకున్నారా అన్నవి మేము చూస్తాము. నమ్మకం కుదిరినవాటిని పెద్ద అక్షరాలతో తెలుగులో, ఉర్దూలో రాసి బయట గోడమీద అందరికీ కనిపించేచోట అంటిస్తాము.

ఒక రిజిస్టరు తెరిచినాము. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! అందులో ఆరు గడులు గీసినాము: పేరు, వయసు, తెలిసిన భాషలు, వచ్చిన పని, వారానికి ఇవ్వగల గంటలు, చివరగా, మేము కబురు పెట్టిన తేదీ. పేరు రాసిన ఏడు రోజుల్లోగా ఆ చివరి గడి నిండాలి. పని దొరికినా కబురు పెడతాము, దొరకకపోయినా "ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాము" అని కబురు పెడతాము. ఏ ఆదివారమైనా ఎవరైనా వచ్చి ఆ గడిని తనిఖీ చేయవచ్చును. ఖాళీగా కనిపిస్తే మమ్మల్ని నిలదీయవచ్చును.

యువ మిత్రులారా, పేరు ఇచ్చేవారు కూడా ఒక మాట నిలబెట్టుకోవాలి. వారానికి రెండు గంటలని రాస్తే రెండు గంటలు ఇవ్వండి. అయిదని గొప్పకు రాసి మధ్యలో వదలవద్దు. మీమీద ఆధారపడిన మనిషి అవతల ఎదురుచూస్తూ ఉంటాడు. ఎదురుచూసి విసిగిపోయినవారు మళ్లీ అడగరని ముందే చెప్పుకున్నాము.

పాత కాగితం ఈ రోజు మా జేబులోనే ఉన్నది. అందులో పేరున్నవారిలో కొందరు ఈ సభకు వచ్చినారని తెలిసినది. మెకానిక్ షెడ్డు సోదరుడు వెనుక వరుసలో ఉన్నాడు. వారందరినీ క్షమాపణ కోరుతున్నాము. బయటికి వెళ్లేటప్పుడు ద్వారం పక్కన రిజిస్టరు తెరిచి ఉంటుంది. కలము కూడా ఉంటుంది. మీ పిల్లల పేర్లు రాయించండి.